బస్తా మనదే, బావీ మనదే

ఈ వారం ఒక పెద్దాయన అడిగిన ప్రశ్నకు జవాబు రాస్తున్నాం. ఆయనది జగిత్యాల వైపు. ఇక్కడే తాయిఫ్‌లో మేస్త్రీ పని చేస్తాడు. “తమ్మీ, మా బిడ్డ వ్యవసాయ కాలేజీల ఎమ్మెస్సీ చదువుతున్నది. ఎరువుల మీద పరిశోధన అంటున్నది. యూరియా చల్లుడు నాకు పదేండ్లప్పటి సంది తెలుసు. దానికి రెండేండ్ల సదువేంది? ఫీజు పంపేటోణ్ణి నేను, నాకే సమజైతలేదు” అన్నాడు.

అడగవలసిన ప్రశ్నే అడిగాడు. మేం ఇంటర్ దాకా చదివి ఆఫీసుల్లో ఫైళ్లు చూసుకునేవాళ్లం, శాస్త్రవేత్తలం కాదు. కానీ మేమూ రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లమే. నాట్ల సీజన్ వచ్చిందంటే మనం పంపే రియాళ్లలో కొంత యూరియాకు, డీఏపీకి పోతుంది. ఎన్ని బస్తాలు తేవాలో చాలా ఇళ్లలో ఇక్కడి నుంచి ఫోన్లోనే తేలుతుంది. అందుకే ఆ పెద్దాయన ఒక్కడికే కాదు, క్యాంపుల్లో ఉన్న అన్నలందరికీ పనికొస్తుందని నాలుగు ముక్కలు రాస్తున్నాం.

బస్తా ఎక్కడిది?

ముందు ఒక విచిత్రం చెప్పుకుందాం. మనం పొట్ట చేత పట్టుకుని ఇటు వచ్చాం. ఇక్కడి ఎరువు ఓడెక్కి అటు పోతోంది. యూరియా తయారీకి కావలసినది సహజ వాయువు, గాలిలోని నత్రజని. వాయువు సౌదీలో దండిగా ఉంది. అందుకే 1965లోనే ఇక్కడ సాఫ్కో అనే ఎరువుల కంపెనీ పెట్టారు. 2021 నుంచి దాని పేరు సాబిక్ అగ్రి న్యూట్రియంట్స్. ఉత్తరాన ఎడారిలో ఫాస్ఫేట్ గనులున్నాయి. అక్కడి రాయిని రైలు మీద రాస్ అల్ ఖైర్‌కు తెచ్చి మాదెన్ కంపెనీ డీఏపీ చేస్తుంది. 2025లో మన దేశపు కంపెనీలు మూడు మాదెన్‌తో ఒప్పందం చేసుకున్నాయి. ఏటా 31 లక్షల టన్నుల డీఏపీ చొప్పున ఐదేళ్లు తీసుకోవాలని మాట. అంటే మన ఊళ్లో నాన్న భుజాన మోసే బస్తాలో ఈ దేశపు మట్టి కొంత ఉండవచ్చు.

మన దగ్గరా ఫ్యాక్టరీలు లేకపోలేదు. రామగుండంలో బొగ్గుతో నడిచిన పాత ఎరువుల ఫ్యాక్టరీ 1999లో మూతపడింది. ఆ స్థలంలోనే కొత్తది కట్టి 2021లో ఉత్పత్తి మొదలుపెట్టారు. ఇది సహజ వాయువుతో నడుస్తుంది. ఏడాదికి 12 లక్షల 70 వేల టన్నుల యూరియా దీని సామర్థ్యం. అయినా చాలడం లేదు. 2025 వానాకాలంలో ఏం జరిగిందో మీకందరికీ తెలుసు. తెలంగాణలో సొసైటీల ముందు చెప్పులు, పాసుపుస్తకాలు వరుసలో పెట్టి రైతులు తెల్లవారుజాము నుంచి కాపు కాశారు. మగవాళ్లు గల్ఫ్‌లో ఉన్న ఇళ్ల నుంచి ఆ వరుసలో నిలబడింది ఎవరు? మన అమ్మలు, మన ఆడవాళ్లు.

అంత కష్టపడి తెచ్చిన బస్తాలో పైరుకు అందేది ఎంత? ఆ పెద్దాయన బిడ్డ లాంటి వాళ్లు చదివేది సరిగ్గా ఇదే.

పొలాస మడుల్లో ఏముంది?

ఎరువుల పరిశోధన అంటే ల్యాబులో సీసాల పని ఒక్కటే అనుకోవద్దు. ఒక పంటకు ఎరువు వేసి చూస్తే తెలిసేది తక్కువ. అదే మడికి అదే ఎరువు పది ఇరవై ఏళ్లు వేస్తే భూమి ఏమవుతుంది? ఇది తేల్చడానికి భారత వ్యవసాయ పరిశోధనా మండలి 1970లో దేశంలో చాలాచోట్ల దీర్ఘకాలిక ఎరువుల ప్రయోగాలు మొదలుపెట్టింది. అలాంటి ప్రయోగం ఒకటి మన జగిత్యాల దగ్గర పొలాస పరిశోధనా స్థానంలో ఉంది. 2000లో మొదలైంది. వరి మీద వరి, వానాకాలం, యాసంగి రెండూ. జగిత్యాల నుంచి గల్ఫ్‌కు వచ్చే బస్సు ఎక్కినవాళ్లలో ఎంతమంది ఆ పక్క నుంచి పోయి ఉంటారో!

అక్కడ చేసేది చెబితే తేలికగా ఉంటుంది. ఒక మడికి ఏ ఎరువూ వేయరు. ఒకదానికి నత్రజని ఒక్కటే వేస్తారు. ఒకదానికి నత్రజని, భాస్వరం. ఇంకొకదానికి పొటాష్ కూడా కలిపి. ఒకదానికి చెప్పిన మోతాదులో సగం, మరొకదానికి ఒకటిన్నర రెట్లు. ఒక మడికి రసాయన ఎరువుతో పాటు పశువుల ఎరువు. ఏటా వడ్లు తూచుతారు, మట్టి తీసి పరీక్ష చేస్తారు. విద్యార్థులు ఆ మట్టి మీదే థీసిస్‌లు రాస్తారు.

ఇలాంటి ప్రయోగాల్లో ఏళ్ల తరబడి తేలింది రెండు మూడు మాటల్లో చెప్పవచ్చు. ఏ ఎరువూ వేయని మడి వెనకబడింది. నత్రజని ఒక్కటే వేసిన మడికి కూడా మిగతా పోషకాలు కరువై దిగుబడి నిలవలేదు. ఒకటిన్నర రెట్లు వేసినంత మాత్రాన వడ్లు ఒకటిన్నర రెట్లు రాలేదు. అన్నీ సమపాళ్లలో వేసి పశువుల ఎరువు కలిపిన మడి ముందు వరసలో ఉంది. దాని మట్టిలో సేంద్రియ కర్బనం కూడా పెరిగింది. మన తాతలు ‘పెంట తోలిన భూమి’ అన్న మాటకు ఇది లెక్కతో సహా సాక్ష్యం.

చిక్కేమిటంటే ఈ థీసిస్‌లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. రాజేంద్రనగర్ లైబ్రరీ బీరువాల్లో ఉంటాయి. మన నాన్నకు ఎరువు మోతాదు చెప్పేది మాత్రం మందుల దుకాణం కౌంటరు. మన పొలాల గురించి రాసింది మన పొలం గట్టు దాకా రావడం లేదు. అందుకే అన్నా, మీ బిడ్డను అడగండి, ఏం కనిపెట్టిందో తెలుగులో చెప్పమనండి. అడిగే తండ్రి ఉంటే ఆ చదువు ఊరికి చేరుతుంది.

పైరు తినని యూరియా ఎటు పోతోంది?

యూరియాలో నూటికి 46 పాళ్లు నత్రజని. 45 కిలోల బస్తాలో సుమారు 20 కిలోల 700 గ్రాములు. వరి పొలంలో వేసిన నత్రజనిలో పైరు తీసుకునేది మామూలుగా నూటికి 30 నుంచి 40 పాళ్లే. అంటే మూడు బస్తాలు చల్లితే పైరు తిన్నది ఒక బస్తా చిల్లర. మిగతాది ఎటు పోతుంది?

కొంత గాలిలోకి పోతుంది. నిలవ నీళ్లలో యూరియా చల్లితే అది అమ్మోనియాగా మారి ఎగిరిపోతుంది. ఎండ ఎక్కువైనా, చౌడు భూమి అయినా ఇంకా ఎక్కువ పోతుంది. కొంత మట్టిలోని సూక్ష్మజీవుల వల్ల నైట్రస్ ఆక్సైడ్ అనే వాయువవుతుంది. భూమిని వేడెక్కించడంలో ఇది బొగ్గుపులుసు వాయువు కంటే సుమారు 273 రెట్లు బలమైనది. గాలిలో వంద ఏళ్లకు పైగా ఉంటుంది. ఊళ్లో ఎండలు ముదిరాయి, వానలు గతి తప్పాయి అంటాం కదా, ఆ లెక్కలో మన పొలాల వంతు కూడా చిన్నదో పెద్దదో ఉంది.

కొంత నైట్రేట్‌గా మారి నీళ్లతో పాటు కిందికి దిగుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టి ఉంచలేదు. పసుపు, మక్క, పత్తి లాంటి ఆరుతడి పంటల్లో, ఇసుక నేలల్లో ఈ దిగడం ఎక్కువ. దిగి ఎక్కడికి చేరుతుంది? బోరులోకి, బావిలోకి. తాగే నీళ్లలో లీటరుకు 45 మిల్లీగ్రాముల కంటే నైట్రేట్ ఎక్కువ ఉండకూడదని మన దేశపు హద్దు. కేంద్ర భూగర్భ జల మండలి 2024 నివేదిక చూస్తే తెలంగాణలో పరీక్ష చేసిన నమూనాల్లో నూటికి 27, ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 23 ఆ హద్దు దాటాయి. దేశం మొత్తం మీద నూటికి 20 దాకా ఉన్నాయి. ఇదంతా యూరియా ఒక్కదాని పనే అనలేం. పశువుల పాకలు, మరుగుదొడ్ల గుంతలు, మురుగు కాలువలు కూడా కారణాలే. కానీ పొలం నడుమ ఉన్న బావిలో నైట్రేట్ ఎక్కువ ఉందంటే మొదట చూడవలసింది పొలాన్నే.

నైట్రేట్‌కు రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. మన పెద్దలు ‘నీళ్లు కాచి తాగండి’ అంటారు. అది క్రిములకు మందు. నైట్రేట్ మాత్రం కాచితే పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. దీనితో అందరికంటే ఎక్కువ ప్రమాదం ఆరు నెలల లోపు పసిపిల్లలకు. అలాంటి నీళ్లతో డబ్బా పాలు కలిపి పడితే రక్తం ప్రాణవాయువును మోయలేదు, బిడ్డ ఒళ్లు నీలం తిరుగుతుంది. ఈ సంగతి 1945లోనే అమెరికాలో పల్లెటూరి బావుల దగ్గర ఒక డాక్టరు కనిపెట్టి రాశాడు. ఇంట్లో చంటిబిడ్డ ఉండి బోరు నీళ్లు వాడుతున్న అన్నలు ఈ పేరా రెండోసారి చదవండి. తల్లి పాలు మేలు. డబ్బా పాలు తప్పకపోతే పరీక్ష చేసిన నీళ్లు, లేదా ఆర్వో ప్లాంటు నీళ్లు వాడమనండి.

ఇక మిగిలింది వాన నీళ్లతో కాలువల్లోకి, చెరువుల్లోకి పోతుంది. చెరువులో ఎరువు పడితే నాచు, గుర్రపుడెక్క దుబ్బులు కట్టి పెరుగుతాయి. అవి కుళ్లినప్పుడు నీటిలోని ప్రాణవాయువు అయిపోయి చేపలు తేలిపోతాయి. గోదావరి జిల్లాల తమ్ముళ్లకు కొల్లేరు గురించి మేం చెప్పనక్కరలేదు. కృష్ణా, గోదావరి డెల్టాల డ్రెయిన్లు పొలాల ఎరువును, పట్టణాల మురుగును కూడా తెచ్చి ఆ సరస్సులోనే పోస్తున్నాయి.

చవకగా దొరికింది కదా అని...

మరి రైతుకు ఇది తెలియదా? తెలిసినా ఎందుకు ఎక్కువ వేస్తాడు? రైతును తిట్టడం తేలిక. కారణం ధరలో ఉంది. యూరియా 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసలు. డీఏపీ 50 కిలోల బస్తా 1350. ప్రభుత్వం 2010లో మిగతా ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ పెట్టింది, యూరియాను అందులో కలపలేదు. మిగతావాటి ధరలు పెరిగాయి, యూరియా దాదాపు అక్కడే ఉంది. చేతిలో డబ్బు తక్కువ ఉన్న రైతు ఏది కొంటాడు? మామూలుగా నత్రజని, భాస్వరం, పొటాష్ 4:2:1 పాళ్లలో ఉండాలంటారు. ధర చూసుకునేసరికి ఆ పాళ్లు తప్పాయి.

రెండోది భయం. రేపు దొరకదేమోనని ఒకటి కావలసినచోట రెండు తెచ్చుకుంటాం. తెచ్చింది ఇంట్లో ఉంటే చల్లకుండా ఉండలేం. మూడోది పక్క పొలం. యూరియా చల్లిన నాలుగు రోజులకు పైరు నల్లగా తిరుగుతుంది, చూసిన కన్నుకు సంతోషం. కానీ పచ్చదనం వేరు, గింజ వేరు. నత్రజని ఎక్కువైన వరి మెత్తబడి గాలివానకు పడిపోతుంది. దోమపోటు, అగ్గితెగులు వెతుక్కుంటూ వస్తాయి. అప్పుడు మందు డబ్బా కొనాలి. అది 266 రూపాయలకు రాదు. చవక బస్తా వెనకాల ఖరీదైన డబ్బా వస్తుందని అనుభవం ఉన్న రైతులకు బాగా తెలుసు.

మన నేలల్లో ఇంకో సంగతి కూడా ఉంది. ఏళ్ల తరబడి డీఏపీ వేసిన చాలా పొలాల్లో భాస్వరం పేరుకుపోయిందని, తగ్గించమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతూనే ఉంది. భాస్వరం ఎక్కువైతే పైరుకు జింకు అందదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు మెట్ట పొలాల మట్టి పరీక్ష చేసి జింకు, బోరాన్, గంధకం తక్కువగా ఉన్నాయని చెప్పారు. అంటే ఉన్నదాన్నే మళ్లీ పెడుతున్నాం, లేనిది పెట్టడం లేదు. కడుపు నిండా అన్నం తిన్నవాడికి మళ్లీ అన్నం వడ్డించి, దాహమంటే వినకపోవడం లాంటిది.

పూర్తిగా మానేద్దామా?

కొందరు అన్నలు ‘ఈ రసాయనాలన్నీ ఒక్కసారే బంద్ పెట్టాలి’ అంటారు. మీ క్యాంపులో శ్రీలంక సోదరులుంటే వాళ్లను అడిగి చూడండి. 2021లో అక్కడి ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతిని ఉన్నట్టుండి నిషేధించింది. వరి దిగుబడి పడిపోయింది, తేయాకు దెబ్బతింది, రైతులు రోడ్డెక్కారు. ఆ ఏడాది చివరికి వచ్చేసరికి నిషేధం ఎత్తేశారు. మార్పుకు భూమికి సమయం కావాలి, రైతుకు తోడు కావాలి. జనగామ వైపు ఏనెబావి అనే చిన్న ఊరు 2006లో రసాయనాలు లేని ఊరుగా పేరు తెచ్చుకుంది. కానీ ఊరంతా ఒక మాట మీద నిలబడి, కొన్నేళ్ల పాటు మెల్లగా తగ్గించుకుంటూ పోతేనే అది కుదిరింది. ఒక్క రాత్రిలో కాలేదు.

కాబట్టి మేం మానేయమనడం లేదు. పైరు తినే అంత వేయమంటున్నాం.

ఫోన్ చేసినప్పుడు ఇవి అడగండి

మొదటిది, లెక్క. ఉత్తర తెలంగాణలో వరికి చెప్పే మోతాదు హెక్టారుకు సుమారు 120 కిలోల నత్రజని, అంటే ఎకరానికి 48 కిలోలు. ఒక బస్తా డీఏపీ వేస్తే అందులోనే 9 కిలోల నత్రజని ఉంటుంది. మిగిలిన 39 కిలోలకు రెండు బస్తాల యూరియా కూడా పూర్తిగా పట్టదు. మీ ఇంట్లో ఎకరానికి ఎన్ని బస్తాలు వేస్తున్నారో అడగండి. మూడు, నాలుగు అంటే ఎందుకని అడగండి. పంటను బట్టి, నేలను బట్టి లెక్క మారుతుంది కాబట్టి మీ మండలం వ్యవసాయాధికారి మాటే ఆఖరు మాట.

రెండోది, మట్టి పరీక్ష. 2015 నుంచి భూసార కార్డుల పథకం ఉంది. కార్డు ఉందా, చివరిసారి ఎప్పుడు చేయించారు అని అడగండి. యాసంగి కోతలయ్యాక, ఎరువు వేయకముందు ఎకరంలో ఎనిమిది పది చోట్ల జానెడు లోతున మట్టి తీసి, కలిపి, అందులోంచి అరకిలో పంపాలి. గట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప ఉన్నచోట తీయవద్దు. అక్కడి మట్టి తప్పుడు లెక్క చెబుతుంది.

మూడోది, చల్లే తీరు. యూరియా ఒక్కసారే వేయవద్దు. నాటేటప్పుడు, పిలకల దశలో, చిరుపొట్ట దశలో మూడు సార్లుగా వేయాలి. నిండు నీళ్లలో చల్లవద్దు. నీళ్లు తీసి బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పలచగా నీళ్లు పెట్టాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కొంచెం ఓపిక కావాలి.

నాలుగోది, పచ్చిరొట్ట. నాట్లకు ముందు జీలుగో, జనుమో చల్లి పూతకు వచ్చే వేళకు దున్నేస్తే భూమికి బలం. పశువులు లేని ఇళ్లకు ఇదే పెంట.

ఐదోది, బావి. తాగే నీళ్లు ఒకసారి పరీక్ష చేయించారా? నైట్రేట్ ఎంత అని అడగండి. 45 అనే అంకె గుర్తు పెట్టుకోండి.

కౌలుకు చేసే అన్నలకు ఒక ఇబ్బంది ఉంది, మాకు తెలుసు. వచ్చే ఏడు ఆ భూమి మనకుంటుందో ఉండదో, దానికి పెంట ఎందుకు తోలాలి అనిపిస్తుంది. న్యాయమే. కానీ లెక్క తప్పని యూరియా ఈ ఏడు మీ ఖర్చే తగ్గిస్తుంది. నీళ్లు మాత్రం ఆసామివీ కౌలుదారువీ అని వేరుగా ఉండవు. ఊరందరూ తాగేది ఒక్క భూమి కిందివే.

మనం ఇక్కడ ఎండలో నిలబడి సంపాదించిన రియాలు ఊళ్లో బస్తాగా మారి, అందులో సగానికి పైగా గాలికీ బావికీ పోతోందంటే అది భూమికి నష్టం, మన చెమటకూ నష్టమే. పెద్దాయన బిడ్డ రెండేళ్లు చదివేది ఈ నష్టం ఎక్కడ జరుగుతోందో, ఎలా ఆపాలో తెలుసుకోవడానికి. ఫీజు పంపండి అన్నా, దండగ కాదు.

ఇంటి నుంచి భూసార కార్డు ఫోటో తెప్పించుకుంటే, అందులోని ఇంగ్లీషు అంకెలు అర్థం కాకపోతే శుక్రవారం నమాజు వేళ దాటాక మా గదికి తీసుకురండి. కూర్చుని చదివి, ఎన్ని బస్తాలవుతాయో కాగితం మీద వేసి ఇస్తాం. వానాకాలం నాట్లకు ముందే తెస్తే మంచిది.